మూడు రోజుల రొట్టె

బస్సు నన్ను దింపి, మలుపు తిరిగి
తన చప్పుడు కూడా తనే పట్టుకుపోయింది.
మిగిలింది కొండ.
కొండకి అక్కడక్కడా సున్నం రాసినట్టు ముప్పై ఇళ్లు,
వాటిలో పదకొండింటికే పొగ.

సందు నడుమ నీటికాలువ నాకెదురొచ్చింది.
పైన కరిగిన మంచు.
ఎవరి మడికి ఎన్ని గంటలో
బాల్దొమేరో నోటుపుస్తకంలో ఉంటుందట.
"ఈ రాత్రి రెండింటికి నా వంతు, రా" అన్నాడు
పెళ్లికి పిలిచినట్టు.

నేనొక చిట్టా తెచ్చుకున్నాను:
చర్చి, పాత వంతెన, గాలి బాగుంటుందన్న ఒక గుట్ట.
చర్చి తాళంచెవి కసీల్దా దగ్గర.
కసీల్దా వంటింట్లో.
వంటింట్లోకి వెళ్లినవాళ్లు
తాళంచెవి సంగతి మరిచిపోవడం
ఇక్కడి ఆచారం కాబోలు.

రొట్టెల బండి మంగళవారం, శుక్రవారం.
మూడు హారన్లు. లెక్క కుక్కలకీ తెలుసు.
కసీల్దా రెండు కొంటుంది:
ఒకటి తినడానికి,
ఒకటి ఎండడానికి.

ఎండడానికా?
నా అరకొర స్పానిష్ తప్పేమోనని మళ్లీ అడిగాను.
"తాజాదానితో మీగాస్ కావు.
మూడు రోజులు పట్టాలి. తొందరపడితే ముద్దవుతుంది."
ఆ మాట రొట్టెనందో, నన్నందో.

రాత్రి ఉప్పునీళ్లు చిలకరించి గుడ్డ కప్పిన తునకలు,
ఆలివ్ నూనెలో పొట్టు తీయని వెల్లుల్లి,
ఒక ఎండుమిరప
(కారం లేదంది. మిరపకాయని అంత మాటంటే
నేను నమ్మలేదు, కొరికి చూశాను, నిజమే).
పొడుగుకాడ గరిటె నా చేతికిచ్చి
"ఆపకు" అంది.

నలభై నిమిషాలు.
మొదట ఫోను గుర్తొచ్చింది.
తర్వాత భుజం గుర్తొచ్చింది.
తర్వాత ఏదీ గుర్తు రాలేదు.
కిటికీలోంచి ఒక మేక అటు వెళ్లి,
ఏదో మరిచినట్టు వెనక్కొచ్చి,
మళ్లీ అటే వెళ్లింది.

పొడిపొడి ఉప్మాలా ఉందని అనబోయి ఆగాను.
కొత్త రుచికి మన ఇంటిపేరు తగిలించడం
పొరుగింటి పిల్లని
మన పిల్ల పేరుతో పిలవడమే.
పక్కన ద్రాక్షపళ్లు పెట్టింది.
కరకరల మధ్య ఒక చల్లని పండు చిట్లినప్పుడు
కొంచెంసేపు ఏ మాటా దొరకలేదు.

బాల్దొమేరో తన చెంచా తనే తెచ్చుకున్నాడు.
ఇక్కడ పళ్లేలు లేవు, మూకుడే అందరిదీ.
ఒక చెంచా తిని, ఒక అడుగు వెనక్కి;
పక్కవాడు వచ్చి, తిని, వెనక్కి;
మళ్లీ నువ్వు.
నాకీ వెనకడుగు అలవడ్డానికి
సగం మూకుడు పట్టింది.

మూడింటి బస్సు హారన్ కొట్టకుండానే పోయింది.
రొట్టెల బండికున్న మర్యాద
దానికి లేదు.

రాత్రి రెండింటికి, టార్చి వెలుగులో,
బాల్దొమేరో పలకరాయి ఎత్తాడు.
నీళ్లు ఒక క్షణం ఆలోచించి
చిక్కుడుమడిలోకి తిరిగాయి.
గంటన్నర అవి అతనివి.
మేం చెస్ట్‌నట్ చెట్టు కింద కూర్చున్నాం, అంతే.
తర్వాత రాయి దించాడు. నీళ్లు కిందికి పోయాయి.

"కింద ఎవరిది?"
"అనిసేతోది."
"అతను రాలేదే?"
"పోయి ఆరేళ్లయింది. పుస్తకంలోంచి ఎవరూ కొట్టెయ్యలేదు.
వంతు వంతే కదా."
ఖాళీ మడిలో నీళ్లు వెతుక్కుంటున్న చప్పుడు.
"అంజూరాలు బాగా కాశాయి. పొద్దున వెళ్లి కోసుకో,
అతనేమీ అనుకోడు."

కోసుకున్నాను. అనుకోలేదు.

శుక్రవారం మూడు హారన్లు.
కసీల్దా మూడు రొట్టెలు కొంది.
చర్చి తాళంచెవి ఇంకా మేకుకే ఉంది.
మూడో రొట్టెని గుడ్డలో చుట్టి
నా సంచి పక్కన పెట్టి
"సోమవారం దాకా ముట్టకు" అంది.