సున్నా

నరసాపురం రేవులో ఐస్ ఫ్యాక్టరీ.
లెక్కలు రాసే కంప్యూటరుకి మాత్రం ఒళ్ళు కాలిపోతోంది.
రోజూ మూడయ్యేసరికి,
పడవలోళ్ళు పెట్టెలతో వరసగా నిలబడ్డాక,
ఠక్కున కళ్ళు మూస్తుంది.

"జొరమేమో చూడండి" అన్నాడు తిరుమాని ఏడుకొండలు.

చూద్దామంటే థర్మామీటరే పలకదు.
లైనక్స్ ఒక్కో గుమ్మం ముందు ఆగి అడుగుతోంది:
ఇక్కడ వెతకనా? అవును.
ఇక్కడ? అవును.
ఇక్కడ కాస్త ప్రమాదం, అయినా సరేనా?
ఏడుకొండలు వంక చూసి, అవును.
చివరికి ఒకటే ముక్క:
సెన్సార్లేవీ దొరకలేదు.

బోర్డు మీద చిప్ ఉంది. పేరు చెప్పుకోదు.
డ్రైవర్లలో దాని ఇంటిపేరు వాళ్ళెవరూ లేరు.
దాని అన్నగారి పేరు అరువిచ్చి మాడ్యూల్ ఎక్కించాను.
అప్పుడు విప్పింది నోరు.
ఒక వేడి, మైనస్ నూట ఇరవై ఎనిమిది
("మా ఐసుకే లేదండి అంత చలి!")
ఇంకో వేడి, నూట ఇరవై ఏడు.
ఫ్యాను, సున్నా.

మూడూ అబద్ధాలేనని కొట్టేశాను.
గంటన్నర పోయాక
ఏడుకొండలే స్క్రూలు విప్పి మూత తీశాడు.

ఐసు దిమ్మలు కరక్కుండా కప్పే ఊక,
ఉప్పుగాలికి తడిసి, ఎండి, మళ్ళీ తడిసి,
రెక్కల మధ్య పిచికగూడులా బిగిసిపోయి ఉంది.
వేలితో తిప్పాడు. కదల్లేదు.

సున్నా నిజమే చెప్పింది.
పక్కనున్న వాళ్ళని చూసి
దాన్నీ నమ్మలేదు నేను.

అతను గూడు పీకి, ఉఫ్‌మని ఊది,
ఆ ఊకని పారెయ్యకుండా
గుప్పిట్లో పట్టుకెళ్ళి
దిమ్మ మీద చల్లాడు.