పాత బెల్లం

ఆడి నెలలో సంతకం పెట్టించుకున్నాడు
బెల్లం మండీ గురవయ్య శెట్టి.
"ముప్పై ఏడేళ్లా? కానీలే మునిరత్నం,
పాత బెల్లానికే వైద్యులు జాస్తి ఇస్తారు."

నాకు తెలుసు. కొన్నది ఆటకు కాదు,
ధర లేచేదాకా అటకెక్కించడానికి.
అయినా చిత్తూరు గ్రౌండులో తెల్లారే
మోకాలికి గుడ్డ చుట్టుకుని
గోలుకు అడ్డం నిలబడ్డా.

కార్తీకంలో ధర లేచింది:
మదనపల్లె క్లబ్బు నుంచి ఇద్దరు పిలకాయలు,
కొసరుగా ఒక జత ప్యాడ్లు.

పీలేరు బస్టాండులో ఎదురయ్యారు వాళ్లు,
హాకీ కర్రలు గోనెసంచిలో.
"అన్నా, ఆ గ్రౌండు ఎట్టుంటాది?"
"ఎడమ మూల గుంత ఉండాది,
బంతి లేస్తాది. చూసుకోండి."

ఆ గుంత సంగతి
శెట్టికి ఎప్పుడూ చెప్పలేదు.