ఖాళీ తొట్టి

పంటి డాక్టరు క్లినిక్ ఎత్తేసి ఒంగోలు పోతూ
వైరింగు కూలి బాకీ కింద నాకొదిలేసిన అద్దాల తొట్టి.
మూడడుగులు. ఒక మూల సన్నటి గీటు.
అందులో ఒకటే చేప, నల్లచారలది.
పంపు గొట్టం వెనక ఒదిగీ ఒదిగీ
తోక అంచు తెల్లబారిపోయింది.

దానికో చాటు కావాలి.
మార్కాపురంలో రాయికేం కరువు?
కరువంతా నీళ్లకే.

మూతబడ్డ పలకల ఫ్యాక్టరీ వెనక
చిల్లచెట్ల కింద ఇంకా పడుంది సరుకు.
మూల విరిగినవి, పొర లేచినవి,
చట్టం ఎక్కని నల్లటి ముక్కలు,
ఎవరూ అ ఆ దిద్దనివి
ఎవరూ ఉమ్మి చెరపనివి.
యూరియా సంచికి ఏరుకొచ్చాను.

ఒక్కోదాని మీదా నిమ్మకాయ పిండాను.
బుస్సుమని నురుగొస్తే సున్నపురాయి, అవతల పారెయ్.
బంగారంలా మెరిసే గీత ఉంటే అదీ వద్దు,
నీళ్లలో తుప్పై దిగుతుంది.
మిగిలినవి బిరియానీ డేక్షాలో ఉడకేశాను.
“రాళ్ల పులుసా ఈ పూట?” అంది కాశింబీ.

అంచులు అరగదీయాలి, రెక్క కోసుకోకుండా.
నీళ్లు చల్లి అరగదీయాలని ఇప్పుడు తెలుసు.
మొదటి ముక్కకి మర్చిపోయాను.
లేచింది,
ఆ బూడిదరంగు వాసన.

నాకు పదేళ్లు. పీరమ్మకి తొమ్మిది.
తనిఖీ జీపు మలుపు తిరిగిందనగానే
మేస్త్రీ మమ్మల్ని దొంతుల వెనక్కి తోసేవాడు.
“గమ్మునుండండి. దగ్గారో, చూడండి మీ పని.”
దొంతికీ గోడకీ మధ్య జానెడు.
ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరం పీల్చుకుంటా.
పీరమ్మ పావడా కొంగు నోట్లో కుక్కుకునేది.
జీపాయన రాసుకుని పోయేవాడు:
పిల్లలు లేరు.

తర్వాత్తర్వాత ఆ దగ్గు
పీరమ్మ కంటే పెద్దదైంది.

ఇసుక పోయకముందే గాజు మీద రాయి నిలపాలి,
లేకుంటే చేప తవ్వుకుని నెత్తిన కూల్చుకుంటుంది.
అడుగున మందంవి, పైన పలచనివి,
మధ్యమధ్య సిలికాన్ గమ్ము.
రెండు రోజులు ఇల్లంతా పులిసిన వాసన.
రెండు వాకిళ్లు పెట్టాను.
ఒకటే ఉంటే బోను.
గుండ్లకమ్మ ఇసుక ఏడు నీళ్లు కడిగాను,
ఆ నీళ్లు కూడా కొన్నవే.

మొదటి రోజు చుట్టూ తిరిగింది.
రెండో రోజు మూతి పెట్టి చూసింది.
మూడో రోజు నించి కనపళ్లేదు.

తెల్లారుజామున, లైటు వేయకముందు,
వాకిట్లోంచి ఒక్కొక్క గులకరాయి
బయటికొచ్చి పడుతుంది మెల్లగా.
లోపలెవరో ఇల్లు సర్దుకుంటున్నారు.

కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడు
అద్దానికి ముక్కానించి వంగాడు.
“ఏందన్నా, ఉత్త రాళ్లేనా? చేపల్లేవా?”

“లేవబ్బాయ్,” అన్నాను.

యూనిట్లు రాసుకుని పోయాడు.