మాన్పించారు

ప్యారీస్ కార్నర్‌లో నాలుగో అంతస్తు,
ఉచిత న్యాయ సహాయం బల్ల.
ఫ్యానుకి ఎగరబోయే కాగితాల మీద
నా టిఫిన్ డబ్బా బరువు.

ఎదురుగా పైడమ్మ.
పులియాంతోపు వీధుల్ని ఇరవై రెండేళ్లు ఊడ్చిన చేతులు.
ఆమె మాట సగంలో ఉండగానే
నేను సెక్షను అందుకున్నాను.
నిన్న రాత్రి చదివిందే,
ఇంకా నాలుక మీద వేడిగా ఉంది.

"ఆగు బాబూ, నేనింకా చెప్పందే?"

సీనియరు వసుంధర గారు తలెత్తలేదు.
నా పెన్ను మూత మాత్రం
నా వైపు జరిపారు.

గంట తర్వాత
అఫిడవిట్‌ని తెలుగు చేసి చదివాను:
"పని మానేశాను..."
"మానెయ్యలేదు బాబూ. మాన్పించారు."

కొట్టేశాను. మళ్లీ రాశాను.
కేసంతా
ఆ 'ప' ఒత్తు కింద ఉంది.

వేలిముద్ర ఒత్తి
సిరా నా కాగితాలకి అంటకుండా
తన కొంగుకే తుడుచుకుంది.