కరక్కాయ పట్టు

ముందు నీళ్లు.
కోటవీధి బోరు నీళ్లు ఉప్పు.
వాటిలో ముంచిన ఎరుపు ఏడుపుముఖం పెడుతుంది.
అందుకే రోజు విడిచి రోజు
తెల్లారకముందే కుళాయి దగ్గర
నాకంటే ముందు నా బిందెలు నిలబడతాయి.

కుంకుడు నురగలో ఓ గంట ఉడుకు.
మగ్గం గంజి, నూనె జిడ్డు, ఎవరి చేతి చెమటో
అన్నీ వదిలేసి
పొందూరు నూలు పసిబిడ్డ మాడులా మెత్తబడ్డాక
అప్పుడు కరక్కాయ.

"రంగు సుట్టమే గుంటా, వొచ్చి పోద్ది.
కరక్కాయ ఇంటి మనిసి.
అది సెయ్యి పట్టుకుంటేనే సుట్టం ఉంటాది"
అనేది పైడిరాజమ్మ, నాకు పని నేర్పిన ముసలిది.
ఆఖరి స్నానం చేయించినప్పుడు కూడా
ఆమె గోళ్లలో నీలిమందు దిగలేదు.

పటిక కొనను.
పాడేరు సంత నుంచి బొంజుబాబు తెస్తాడు లొద్దుగ ఆకు,
చెట్టు మీద చెయ్యి వెయ్యడు,
పండి రాలినవే ఏరి గోనెలో కుక్కుతాడు.
మట్టిలో పటికని తాగి దాచుకునే ఆకట అది.
ఎలా తెలిసిందిరా అంటే
"మా అమ్మకి తెలుసు" అంటాడు, డబ్బులు లెక్కపెట్టుకుంటూ.

మంజిష్ఠ మరగకూడదు.
మరిగితే పంతం పట్టి ఇటిక రంగుకి దిగిపోతుంది.
వేలు పెట్టి, అమ్మో అని తీసేసేంత వేడి, అంతే.
మిగిలిన నీళ్లు చల్లార్చి గోంగూర కుండీలకి పోస్తాను.
గోంగూర ఇంతవరకు
ఏమీ అనలేదు.

మొన్న ఎంవీపీ కాలనీ కొట్టుకి ఇరవై నాలుగు కండువాలు.
కరక్కాయ పట్టించి
లేత గంధం రంగులో, ఇంకా తడిగానే
డాబా మీద ఆరేసి పడుకున్నాను.
రాత్రి గాలి తిరిగింది.
రేవు వైపు నుంచి, ఐరన్ ఓర్ గుట్టల మీంచి,
పైగా మంచు.

పొద్దున చూస్తే ప్రతి కండువా మీదా చుక్కలు.
ఆవగింజంత, గసగసంత,
దులిపితే రాలవు, జాడిస్తే ఇంకా లోపలికి పోతాయి.
కరక్కాయకి ఇనుము ఎదురైతే చాలు,
ఇద్దరూ కలిసి సిరా అయిపోతారు.

తిట్టాను.
రేవుని, గాలిని, గుట్టల మీద టార్పాలిన్ కప్పనివాణ్ణి.
ఎవరూ దొరక్క చివరికి మా ఆయన్ని.
ఓర్ బెర్తు దగ్గర పందొమ్మిదేళ్లు
కన్వేయర్ బెల్టు కాసిన మనిషి.
మూడు మెట్లకోసారి ఆగుతూ డాబా ఎక్కి వచ్చాడు,
ఒక కండువా ఎండకి ఎత్తి పట్టుకుని
"మా సరుకే" అన్నాడు.
నవ్వాడో, దగ్గాడో.

ఆ రాత్రి బుగ్గన పెట్టుకోమని
కరక్కాయ ముక్క నేనే ఇచ్చాను,
అదే డబ్బాలోది.
ఇచ్చి, చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను.
గుడ్డ మీద అదేం చేస్తుందో తెలిసినదాన్ని.
పందొమ్మిదేళ్ల గాలి పడ్డ ఆ ఛాతీలో
ఏం ఆరేసి ఉందో
డాక్టరు ఫిల్ము లైటుకి పెట్టి చూపించాడుగానీ
నేను సరిగ్గా చూడలేదు.

బెల్లం, తుప్పు మేకులు నెల రోజులుగా నానుతున్న కుండ ఉంది.
ఇరవై మూడు కండువాలు అందులో ముంచేశాను.
చుక్కకీ చుక్కకీ మధ్య చోటు లేకుండా నలుపు.
కొట్టాయన చేత్తో రుద్ది చూసి
"గట్టి రంగు" అన్నాడు.
అవును, గట్టిదే అన్నాను.

ఇరవై నాలుగోది మెడకి చుట్టుకుని
సాయంత్రాలు ఆయన జెట్టీ దాకా వెళ్లొస్తాడు.
పాత జట్టువాళ్లెవరైనా కనిపిస్తే
ఏ చుక్క ఏ గుట్టదో, ఎవరి షిఫ్టులో ఎగిరిందో
వేలితో చూపిస్తాడట.

ఉతుకుతాను ఇమ్మంటే
ఇవ్వడు.