బ్యాడ్మింటన్ సంఘం ముద్ర

కౌలాలంపూర్, పుడు పేటలో
మా సంఘానికి ఉన్న ఆస్తి
వారానికి రెండు గంటల అద్దె కోర్టు,
ఒకచోట చిరిగిన వల,
నీలం సిరా తాగే రబ్బరు ముద్ర.
ముద్ర మధ్యలో షటిల్‌కాక్.

ఇక్కడి చట్టంలో శరణార్థి అనే మాట లేదు.
కాగితం ఉన్నవాళ్లు, లేనివాళ్లు, అంతే.
లేనివాళ్ల కోసం లారీ
రాత్రి రెండు దాటాక వస్తుంది,
దీపాలు ఆర్పుకుని.

సూ ఇమ్ ముప్పై ఏడేళ్లు కోర్టులో టైపు కొట్టింది.
ఎన్ని తీర్పులు ఆ వేళ్ల కిందుగా పోయాయో,
ఒక్కటీ ఆమెది కాదు.
రిటైరయ్యాక తనదిగా ఒకే ఒక్క వాక్యం కొట్టింది:
'ఈ మనిషి మాకు తెలుసు.'
కింద నా ఫోన్ నంబరు.
ముద్ర లేని కాగితం ఎవడు చదువుతాడు, అంది.
ఉన్న ముద్రే వేశాం.

ఏం తెలుసు మాకు?
నేను కుళాయిలు అమ్ముకునేవాణ్ని.
సుయ్ తియాల్ చిన్ కొండలు దాటి వచ్చిందని,
నూడిల్స్ కొట్టులో గిన్నెలు తోముతుందని,
తలుపు చప్పుడైతే
ముందు చెప్పులు దాస్తుందని తెలుసు.
అంతకంటే ఎక్కువ తెలిసినవాళ్లు
నాకు మాత్రం ఎందరున్నారు?

రెండూ నలభైకి ఫోన్.
'ఎవరిదీ ముద్ర?'
మాదే సార్.
'ఈ పిట్ట ఏమిటి?'
పిట్ట కాదు సార్, షటిల్‌కాక్.
అవతల కాసేపు ఇంజను చప్పుడు.
'ఈమె ఆడుతుందా?'
నోటికొచ్చింది అనేశాను:
ఆదివారాలు ఆడుతుంది సార్.

వదిలేశాడు.
జాలిపడ్డాడో, డ్యూటీ దిగే వేళైందో
నేను అడగలేదు.

ఆదివారం తియాల్ కోర్టుకొచ్చింది,
అరువు రాకెట్టు, మగవాళ్ల బూట్లు.
మీ మాట అబద్ధం కాకూడదు కదా, అంది.
సర్వీసు మూడుసార్లు వలకి కొట్టింది.
నాలుగోది గీత మీద పడింది.
లోపలా బయటా అని వాదించుకున్నాం
వానొచ్చేదాకా.

లియాన్ ఖుప్ దగ్గరా అదే కాగితం ఉంది.
చొక్కా జేబులో, నాలుగు మడతలు.
ఆ రాత్రి నా ఫోన్ మోగలేదు.
ఛార్జి నిండుగానే ఉంది,
తెల్లారేదాకా చేతిలోనే ఉంది,
మోగలేదు.
శిబిరం గేటు దగ్గర అడిగారు:
'మీరతనికి ఏమవుతారు?'
సూ ఇమ్ నోరు తెరిచింది.
అన్ని తీర్పులు కొట్టిన మనిషికి
ఆ మాట దొరకలేదు.
నాకూ దొరకలేదు.
డబుల్స్‌లో నా జోడీ, అన్నాను.
గేటు కాపలావాడు నవ్వాడు. గేటు నవ్వలేదు.

ఇది పదకొండో నెల.
చందా పుస్తకం నేనే రాస్తాను.
లియాన్ ఖుప్ పేరుకి ఎదురుగా
సూ ఇమ్ ప్రతి నెలా ఐదు రింగిట్లు పెడుతుంది,
నేను రశీదు చింపుతాను, ముద్ర వేస్తాను.
సిరా పలచబడింది, గట్టిగా నొక్కాలి.

సభ్యుడు: లియాన్ ఖుప్.
బాకీ: లేదు.