ఏ గుర్రం?

ల్హామ్‌సురెన్ తొడ మీద గడ్డ
గొర్రెపిల్ల తలంత.
పదమూడేళ్ళుగా పెరుగుతోందట, తొందరేమీ లేకుండా.
ఈ ఏడు జీను మీద కూర్చోనివ్వడం లేదని
అర్ఖాంగై నుంచి ఉలాన్‌బాతర్ దాకా
బస్సులో ఒక పక్కకి ఒరిగి వచ్చాడు.

"ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అన్నాను.
నవ్వాడు. ముందు పళ్ళు రెండు లేవు.
"ఏ గుర్రం గురించి అడుగుతున్నారు డాక్టర్?"
దెబ్బ: గుర్తులేదు, అని రాసుకున్నాను.

ఎమ్మారైలో
కొత్త నెత్తురు పక్కన పాత నెత్తురు, పొరలు పొరలుగా,
చుట్టూ నల్లటి అంచు, కుండకి పట్టిన మసిలా.
మందు ఎక్కిస్తే నడిమధ్య ఎక్కడా వెలగలేదు.
అంచున మాత్రం అక్కడక్కడా మిణుకు.
ఆ మిణుకే నన్ను నిద్రపోనివ్వలేదు.

సూదిలోకి తుప్పురంగు నీళ్ళు వచ్చాయి, అంతే.
చెడ్డ కణం కనపడలేదంది పెథాలజీ.
కనపడలేదంది. లేదనలేదు.

ఆరేళ్ళ కిందట ఒక కుర్రాడు, కుస్తీ పడేవాడు,
పిక్క వాచి వచ్చాడు.
కుస్తీలో దెబ్బన్నాడు, నేనూ ఆ మాటే నమ్మాను.
నెత్తురు కమిలింది, కట్టు కట్టండి, పంపెయ్యండి.
మళ్ళీ వచ్చేసరికి
ఊపిరితిత్తుల నిండా గింజలు.
వాళ్ళమ్మ ఇప్పటికీ ఏటా
ఎండబెట్టిన పెరుగు గడ్డలు పంపుతుంది నాకు.
డ్రాయరు నిండిపోయింది.

ఆపరేషన్ ముందురోజు
ల్హామ్‌సురెన్ అక్క సెర్జ్‌మా
ఒళ్ళో సంచీ దించకుండానే చెప్పింది:
"లేతపసుపుది, నల్లజూలు.
పశువులు నిలబడ్డచోటే గడ్డకట్టిన చలికాలం.
దానికీ ఆకలి, వీడికీ ఆకలి. తన్నింది.
నెల్లాళ్ళు కుంటాడు.
వసంతంలో అది పోతే
ఏడ్చింది వీడే."

కథ అతికినట్టే ఉంది.
కుస్తీ కథా అలాగే అతికింది.
అందుకని సంచి చిరగనివ్వకుండా,
చుట్టూ కాస్త కండతో సహా మొత్తం తీశాం.
చీల్చి పిండేస్తే
నెల తిరక్కుండా మళ్ళీ నిండుతుంది కూడా.

బల్ల మీద కోస్తే లోపల చాక్లెట్‌రంగు ముద్ద.
గోడలో వెంట్రుకల్లాంటి నాళాలు,
పదమూడేళ్ళుగా చుక్కచుక్క కారుస్తున్నవి.
నా మిణుకు అదే.
తొమ్మిదో రోజున కాగితం వచ్చింది: నెత్తురుగడ్డ. కేన్సరు లేదు.

"స్వారీ ఎప్పుడు?" అన్నాడు.
ఆరువారాలన్నాను. బేరమాడి నాలుగుకి దించబోయాడు.

అతను వెళ్ళాక పాత ఫారం తీసి
గుర్తులేదు అన్న మాట కొట్టేసి
ఆ చిన్న గళ్ళోనే ఇరికించి రాశాను:
లేతపసుపుది, నల్లజూలు.